పదకొండుకల్లా ఆరాల్సిన గోడ

మళ్ళీ పైకి వచ్చేసింది. ఎనిమిదిన్నరకి రోలర్ తిప్పినప్పుడు లేత గోధుమ రంగు కింద చక్కగా మూసుకుపోయిన గోడ పది దాటేసరికి నీలం కక్కడం మొదలుపెట్టింది. మొదట మరకలు, తర్వాత గీతలు, ఇప్పుడు ఏకంగా అక్షరాలు, పై వరుసలో మార్చి అన్న మాట గుమ్మంలో నిలబడ్డవాడికి కూడా తెలిసిపోయేంతగా. ఫెర్మీన్ ఒలివారెస్ బోర్లించిన బకెట్ మీద కూర్చుని దాన్నే చూస్తున్నాడు. బాల్ పెన్ను సిరా అంతే, నీళ్ళ రంగుకి లొంగదు. ముందు స్పిరిట్ వాసన కొట్టే, మరకలని ఆపే ప్రైమర్ పూత వెయ్యాలి, ముప్పావుగంట ఆరనివ్వాలి, ఆ మీద రంగు వేస్తే ఇక ఈ జన్మకి బయటపడదు. రంగుల పనిలో దిగిన మొదటి వారంలోనే ఎవడైనా నేర్చుకునే సంగతి ఇది. నలభై ఏళ్ళుగా ఈ పనే చేస్తున్న ఫెర్మీన్‌కి తెలియదా? తెలుసు. ప్రైమర్ డబ్బా బండిలో మర్చిపోయానని పొద్దున తనకి తానే చెప్పుకున్నాడు. నమ్మాడో లేదో అతనికే తెలియదు. ఆ డబ్బా ఇప్పుడు కాళ్ళ దగ్గరే ఉంది, మూత తియ్యలేదు. పదకొండింటికి తనిఖీకి ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు వస్తాడు. నడవాలో గడియారం పదీ పది చూపిస్తోంది. ఇంకో అయిదు నిమిషాల్లో బ్రష్ ముంచకపోతే ఈ గోడ అప్పటికి ఆరదు.

రాసినవాడి పేరు ఒస్మాన్ తుర్సియోస్. హొండురాస్ మనిషి, ఇళ్ళకి పైకప్పులు వేసే పనివాడు, ముప్పై నాలుగేళ్ళు. పత్రాల్లేని వలసవాళ్ళని బంధించి ఉంచే ఈ సెంటర్లో, వీడి బారక్‌లో ఎవరికో గవదబిళ్ళలు వచ్చాయని, వీడికీ వస్తాయేమోనని తెచ్చి ఈ ఒంటరి గదిలో పెట్టారు. తొమ్మిది రోజులు పెట్టారు. రావాల్సిన గవదబిళ్ళలు రాలేదు గానీ కడుపులో అపెండిక్స్ పగిలింది, పన్నెండో తారీఖున కౌంటీ ఆసుపత్రికి చేరిన రెండు గంటల్లో ప్రాణం పోయింది. సదరు వ్యక్తి ఏనాడూ వైద్యసహాయం కోరలేదు అని సెంటర్ నడిపే కంపెనీ పేపర్లో వేయించింది. కోరలేదట. థూ. ఆ మాట ఫెర్మీన్ పేపర్లో చదవలేదు, ఆదివారం చర్చి హాల్లో ఒస్మాన్ అక్క నోట విన్నాడు. సుయాపా ఆవిడ పేరు, కొలరాడోలో ఎక్కడో హోటల్లో పక్కలు మార్చే పనిట, శవాన్ని తీసుకెళ్ళడానికి బస్సులో ఒక్కతే వచ్చింది, ఇచ్చేదాకా ఆ హాల్లోనే ఉంటోంది. ఫెర్మీన్ భార్య ఒఫేలియా కాఫీ పోసి ఇస్తే ఆ కప్పు పట్టుకునే కూర్చుంది, తాగలేదు, వచ్చినవాళ్ళనల్లా ఒకటే అడిగింది. మా వాడికి చిన్నప్పటినుంచీ అడగడం చేతకాదు, ఇంకో రొట్టె కావాలా అని మొహం చూసి నేనే పెట్టేదాన్ని, నోట్లో నాలుక లేని పిల్లాడు, అక్కడ కూడా సిగ్గుపడి ఊరుకున్నాడా, సిగ్గుతోనే చచ్చిపోయాడా, నాకు అదొక్కటి తెలిస్తే చాలు అంది. ఎవరికి తెలుసు? తీపి రొట్టెల పళ్ళెం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డ ఫెర్మీన్‌కి ఆ రోజు తెలియదు. ఇవాళ తెలిసింది. రోలర్ పైనుంచి కిందికి లాగుతూ, ఒక్కో వరుసా మూస్తూ చదివాడు. మార్చి 3, కడుపు కుడివైపు నొప్పి, డాక్టరు కావాలని అడిగాను. 5, మళ్ళీ అడిగాను, నీళ్ళు బాగా తాగమన్నారు. 6, కాగితం రాసి ఇచ్చాను. 8, ఇంకో కాగితం ఇచ్చాను. అలా పదకొండో తారీఖు దాకా ఉంది, చివరి వరుసలో అక్షరాలు పక్కకి జారిపోయాయి, మా అక్కకి చెప్పండి నేను అడిగానని. అడిగావయ్యా, అడిగావు, ఇంతమందిని ఇన్నిసార్లు అడిగావు, అనుకున్నాడు. అనుకుంటూనే దాని మీద కూడా రోలర్ లాగాడు. చెయ్యికి అలవాటైపోయిన పని, ఆగమంటే ఆగదు.

ఆగకపోవడానికి ఇంకో కారణం ఉంది, అది గుమ్మం బయట ప్లాస్టిక్ కుర్చీలో, తాళాల గుత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. యదీరా. ఇరవై ఏడేళ్ళ పిల్ల, ఈ షిఫ్టు గార్డు. రంగులవాడైనా సరే లోపల ఒంటరిగా ఉండకూడదని నియమం, అందుకని కాపలా. ఫెర్మీన్ ఆమెకి జ్ఞానతండ్రి. బాప్తిస్మం రోజు తొట్టి దగ్గర ఎత్తుకున్నది అతనే, తల మీద నీళ్ళు పడగానే గుక్కపెట్టి ఏడిస్తే భుజాన వేసుకుని చర్చి చుట్టూ తిప్పిందీ అతనే. మాటలు వచ్చినప్పటినుంచీ నీనో అని పిలుస్తుంది, ఆ ఊళ్ళో జ్ఞానతండ్రిని అలాగే పిలుస్తారు. కాలేజీ మధ్యలో మానేసి, చంటిదాన్ని చంకనేసుకుని, ఏం చెయ్యను నీనో అని వచ్చి నిలబడితే, నేను మాట్లాడతానులే తల్లీ అని వార్డెన్ హాలిస్ దగ్గరికి వెళ్ళి టోపీ చేత్తో పట్టుకుని అడిగిందీ అతనే. మన పిల్లకి మంచి చోటు దొరికిందని ఇంటికొచ్చి పొంగిపోయాడు. మంచి చోటు! గోడ మీద అయిదో వరుస ఉంది, తొమ్మిదో తారీఖుది. జడ ఉన్న అమ్మాయిని అడిగాను, రేపు అంది. ఈ మొత్తం సెంటర్లో జడ వేసుకునే ఆడగార్డు ఒక్కతే. కుర్చీ వీపు మీదుగా ఆ జడ ఇప్పుడు కూడా వేలాడుతోంది, నడుం దాకా, కింద నల్ల రబ్బరు చుట్టి.

పదింపావు దాటింది. సరే, ఇక ఆరదు. ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి తడిగా ఉంటే ఉండనీ, తడిగా ఉన్నా మూసుకుని ఉంటుంది కదా, అదీ చాలు హాలిస్‌కి. ఫెర్మీన్ లేవలేదు. తలుపు చట్రం పక్కన మంచం ఇనుప కోడు తగిలి పెచ్చు లేచిన చోటు కనిపిస్తోంది, లప్పం పెడదామని పొద్దున గీకి అలాగే వదిలేశాడు. వేలి గోరంత చోటు, అందులో అన్నీ ఉన్నాయి, పైన గోధుమ, దాని కింద నీలం, దాని కింద ఆకుపచ్చ, అట్టడుగున లేత నారింజలా ఉండే పీచ్ పండు రంగు. అన్నీ తన చేతివే. ఊళ్ళోవాళ్ళు కంపెనీలని పేర్లు పెట్టి చెప్పుకుంటారు గానీ ఆ పేర్లు నిలబడితేగా, ఫెర్మీన్ లెక్కలో వాళ్ళు పీచ్ వాళ్ళు, పచ్చ వాళ్ళు, నీలం వాళ్ళు, ఇప్పటి గోధుమ వాళ్ళు. పీచ్ వాళ్ళు ఈ వెలార్డె ఊరికి వచ్చి ఇరవై ఆరేళ్ళు. అంతకు ముందు ఇక్కడ ఉల్లిపాయల గోదాం ఉండేది, ఊళ్ళో ప్రతి ఇంటి ఆడవాళ్ళూ అందులో కళ్ళనీళ్ళు కార్చుకుంటూ ఉల్లిపాయలు ఏరినవాళ్ళే, ఒఫేలియాతో సహా. గోదాం మూతపడ్డాక ఊరు నీరసించిపోయింది. అలాంటప్పుడు సూట్లు వేసుకున్న ఇద్దరు వచ్చి కౌంటీ ఆఫీసులో బొమ్మలు చూపించి మూడొందల ఉద్యోగాలన్నారు. లోపల పెట్టేది ఎవరినని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. సరిహద్దు నది దాటి వచ్చినవాళ్ళనట, పత్రాలు తేలేదాకా నాలుగు రోజులు ఉంచి పంపేస్తారట, ఇంకేం, సత్రం లాంటిదేగా అనుకున్నారు. ప్రారంభం రోజున తుమ్మలాంటి మెస్కీట్ కట్టెల మీద రెండు ఎద్దులని కాల్చారు, బ్యాండు పెట్టారు. ఫాదరు గదిగదికీ తిరిగి పవిత్ర జలం చల్లాడు, ఈ గదిలో కూడా చల్లాడు, రంగు ఇంకా పచ్చిగానే ఉంది ఫాదర్, చుక్కలు పడిపోతాయి అంటూ ఫెర్మీన్ గుడ్డ పట్టుకుని వెనకాలే తిరిగాడు. అందరూ నవ్వారు, తనూ నవ్వాడు. ఆ మాంసం తిన్న నోరే ఇది. ఇంకా అసహ్యం ఏమిటంటే ఆ రోజు ఆ మాంసం చాలా బాగుంది, రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

నాలుగు రోజులన్నది నాలుగు నెలలైంది, ఏడాదైంది, రెండేళ్ళైనవాళ్ళు కూడా ఉన్నారు. మంచానికి రోజుకి ఇంత అని ప్రభుత్వం నుంచి కంపెనీకి ముడుతుంటే ఏ మంచాన్ని ఖాళీ చేస్తారు? మంచాలు చాలక వెనక గుడారాలు వేశారు. వానాకాలంలో మరుగుదొడ్లు పొంగి మురుగు పరుపుల కిందికి వచ్చింది, ఆ వాసన హైవే దాకా కొట్టింది, ఊళ్ళోవాళ్ళు కార్ల అద్దాలు ఎత్తుకుని పోయారు. తనూ ఎత్తుకునే పోయాడు. చిక్కుడు గింజల కూరలో పురుగులు వచ్చాయని లోపలివాళ్ళు తిండి మానేస్తే, మాంసం ఎక్కువైందని సంతోషించండి అని వంటశాల మేనేజరు అన్నాట్ట, ఆ హాస్యం వారం రోజులు ఊళ్ళో తిరిగింది. ఒక మధ్యాహ్నం లోపలివాళ్ళు పరుపులు తగలబెట్టారు. మర్నాడు ఫెర్మీన్‌ని పిలిచారు. మసి కడగడానికే నాలుగు రోజులు పట్టింది, కిటికీ లేని ఓ గదిలో మసి మీద అడుగునుంచి తల ఎత్తు దాకా వేళ్ళ గుర్తులు ఉన్నాయి, ఒక్క మనిషి పది వేళ్ళవి కాదు, చాలామందివి. ఈ మరకల ప్రైమర్‌ని అతను మొదటిసారి పెద్ద ఎత్తున వాడింది అప్పుడే. పదహారు డబ్బాలు పట్టింది. ఆ పైన ఆకుపచ్చ వేస్తే, మంట మండిన చోటే కాదన్నట్టు తయారైంది. హాలిస్ అప్పటికి షిఫ్టు కెప్టెనే, వచ్చి భుజం తట్టాడు, నీ అంత పనివాడు శాన్ ఆంటోనియోలో కూడా లేడు అన్నాడు. ఆ మాట ఇంటికి మోసుకెళ్ళి ఒఫేలియాకి రెండుసార్లు చెప్పుకున్నాడు. సిగ్గులేని బతుకు. ఆ వేళ్ళు ఎవరివని ఒక్కసారి కూడా అనుకోలేదు, మసి పోయిందా లేదా అన్నదే చూశాడు.

పచ్చ వాళ్ళు ఆడవాళ్ళనీ పిల్లలనీ తెచ్చారు. కుటుంబ నివాస కేంద్రం అని బోర్డు రాయమన్నారు, రాశాడు, అక్షరాలు గుండ్రంగా, ఆప్యాయంగా ఉండాలన్నారు, అలాగే రాశాడు. నడవాలో బాతులు వెయ్యమన్నారు. బాతులు, బెలూన్లు, ఒక ఇల్లు, ఇంటి ముందు చెట్టు. అరవై నాలుగు బాతులు వేశాడు, ఒక్కో బాతుకీ ఒక్కో రకం టోపీ పెట్టి. పిల్లలు బాగా చూస్తారని నిజంగానే మనసుపెట్టి వేశాడు, ఎవరి మీద ఒట్టేసి అయినా చెప్పగలడు. జ్వరంతో కళ్ళు ఎర్రబడ్డ ఓ అయిదేళ్ళ పిల్ల వెనక నిలబడి, ఈ బాతులకి నీళ్ళేవి అని అడిగింది. నిజమే కదా అని కింద చెరువు వేశాడు. ఆ పిల్ల వాళ్ళమ్మ ఒళ్ళో ముడుచుకుని చూసింది. తర్వాత్తర్వాత ఆ బాతుల ఫోటోలు పెద్ద పేపర్లో పడ్డాయి, పిల్లల్ని ఎంత బాగా చూసుకుంటున్నామో చూడండి అని కంపెనీయే పంపించిందట. ఫోటోలో పిల్లలు లేరు, బాతులే ఉన్నాయి. నీ బాతులు పేపరెక్కాయిరా అని కట్టింగ్ షాపులో అందరూ ఆటపట్టించారు. ఒఫేలియా ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది, నెల పోయాక ఏమీ చెప్పకుండా తీసేసింది. ఎందుకు తీసేశావని అతను అడగలేదు. అడిగితే చెప్పేది, అందుకని అడగలేదు.

ఆ తర్వాత ఎవరో జడ్జి పిల్లల్ని పెట్టకూడదన్నాడు. ఒక శుక్రవారం పచ్చ వాళ్ళు పోయారు, సోమవారం నీలం వాళ్ళు వచ్చారు. వచ్చారంటే ఎవరు వచ్చారు? అదే హాలిస్, కాకపోతే వార్డెన్‌గా. అదే నర్సు, అదే వంటవాళ్ళు, ఆఫీసులో అడుగు మాడిన అదే కాఫీ కూజా. చొక్కాలు మారాయి. బాతుల మీద నీలం కొట్టమన్నారు. నీలం మనసుని నెమ్మదింపజేస్తుందని డాలస్ నుంచి వచ్చిన ఒకావిడ రంగుల పట్టీ విసనకర్రలా విప్పి చెప్పింది. ఇప్పుడు ఆవిడే వచ్చి గోధుమరంగు ఇంటిని తలపిస్తుందంటోంది. ఇరవై ఆరేళ్ళలో ముఖద్వారం బోర్డు అయిదుసార్లు రాశాడు, స్వాగత కేంద్రం అన్నారు, నివాసం అన్నారు, పరిశీలనా కేంద్రం అన్నారు. జైలు అన్న మాట మాత్రం ఒక్కరూ రాయించలేదు. ఈ గది తలుపు మీద కూడా తనే రాశాడు, ప్రశాంత గది అని. ప్రశాంతంగానే ఉంది. బ్లీచు, ఉడికిన చిక్కుడు గింజలు, నేలకి రాసే మైనం, ఈ మూడూ కలిసి ఇరవై ఆరేళ్ళుగా ఇదే వాసన, రంగు మారినా ఇది మారలేదు. ఇంటికెళ్ళి సబ్బుతో రెండుసార్లు రుద్దుకున్నా ముక్కులో ఉండిపోతుంది. ఒస్మాన్ తొమ్మిది రోజులు దీన్నే పీల్చాడు, ఈ మూల పడుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని. పరుపు తీసేశారు గానీ మంచం కోళ్ళ మధ్య గోడకి నూనె జిడ్డు మచ్చ ఉంది, తల ఆనిన చోటు.

పదీ ముప్పై అయిదుకి హాలిస్ వచ్చాడు. టై కట్టుకున్నాడు, మెడ ఎర్రగా ఉంది. గుమ్మంలోంచే తల పెట్టి గోడ కేసి చూసి, అదేమిటి ఇంకా అలాగే ఉంది అన్నాడు. హాలిస్‌కి స్పానిష్ ముక్క రాదు, ఆ ఊళ్ళోనే ఇరవై ఆరేళ్ళు బతికాడు, ముక్క నేర్చుకోలేదు. ఏం రాసి ఉందని ఎవరినీ అడగలేదట కూడా, పిచ్చి రాతలు కొట్టెయ్యండి అన్నాట్ట అంతే. తెలిసి కొట్టెయ్యమంటే ఒక రకం, తెలుసుకోకుండా జాగ్రత్తపడి కొట్టెయ్యమనడం ఇంకో రకం, రెండోదే ఎక్కువ కంపు కొడుతుంది అనుకున్నాడు ఫెర్మీన్. పైకి మాత్రం, మొదటి కోటింగు ఆరనివ్వాలి సార్ అన్నాడు.

"నిన్ను నమ్ముకున్నాను ఫెర్మీన్. నువ్వు పని చెడగొట్టే మనిషివి కాదు," అన్నాడు హాలిస్, గడియారం చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

నిజమే, చెడగొట్టే మనిషి కాదు. ఇన్నేళ్ళలో ఒక్క మరకని పైకి రానివ్వలేదు. ఈ ఊళ్ళో పిల్లలు పెళ్ళికి ముందు ఇంటికి రంగు వేయించుకోవాలంటే ఫెర్మీన్ కోసం నెలల తరబడి ఆగుతారు. అలాంటివాడు పొద్దున డబ్బా మర్చిపోయాడు. మర్చిపోయాడా, చెయ్యి ముందే ఏదో అనుకుందా? అనుకుంటే ఆ చెయ్యికి యదీరా గుర్తు రాలేదా? ఈ గోడ ఇలాగే ఉంటే ముందు పోయేది హాలిస్ కాదు, నర్సు కాదు, డాలస్ ఆవిడ అసలే కాదు. జడ ఉన్న అమ్మాయి. పేపర్లో కంపెనీ ఏం వేయిస్తుందో ఇప్పుడే చదివి చెప్పగలడు, ఒక ఉద్యోగి నిర్లక్ష్యం, ఆ ఉద్యోగిని తొలగించాం, విచారిస్తున్నాం. అందరూ చేతులు కడుక్కుంటారు, ఆ నీళ్ళన్నీ ఈ పిల్ల నెత్తిన పోస్తారు. పోనీ మూసేసి, సాయంత్రం వెళ్ళి సుయాపాతో నోటిమాటగా చెప్తే? మీ తమ్ముడు అడిగాడమ్మా, గోడ మీద రాశాడమ్మా, నేనే రంగు కొట్టాను. ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? ఫోను కూడా గేటు దగ్గర పెట్టించుకున్నారు, ఫోటో లేదు, ఏమీ లేదు. నిన్ను నమ్మమంటావా అంటే ఏమని చెప్పాలి?

"మీరు చదివారు కదా నీనో," అంది యదీరా. తల తిప్పలేదు, నడవా కేసి చూస్తూనే అంది.

చదివాను తల్లీ అన్నాడు. యదీరా మెల్లిగా చెప్పింది, ఆ రోజు నర్సు దగ్గరికి తను వెళ్ళిందిట, డాక్టరు చూడాల్సినవాళ్ళ పట్టీలో పేరు లేదు, రేపు చూద్దాం అందిట నర్సు, తను వచ్చి అదే మాట చెప్పిందిట. మర్నాడు తనకి సెలవు. పాపకి స్కూల్లో ఏదో ఉంటే వెళ్ళింది.

"నర్సు అందని ఆ గోడ మీద లేదు. అది కూడా రాస్తే బాగుండేది," అన్నాడు ఫెర్మీన్.

"ఆయనకి నర్సు ఎక్కడ కనిపించింది? కనిపించింది నేనే," అంది యదీరా.

మూసెయ్యమని అనలేదు. ఉంచమనీ అనలేదు. తాళాల గుత్తిలో ఒక్కో తాళం చెవినీ తిప్పుతూ కూర్చుంది. అనేస్తే బాగుండును, మూసెయ్యి నీనో అని ఒక్క మాట అనేస్తే ఈ పాటికి డబ్బా సగం అయ్యేది, పాపం ఆమెది అయ్యేది. ఇదీ తన బుద్ధి. చంటిబిడ్డగా ఎత్తుకున్న పిల్ల నోటితో ఆ మాట అనిపించి తను తప్పుకుందామని చూస్తున్నాడు. ఛీ అనిపించింది, హాలిస్ మీద కాదు, డాలస్ ఆవిడ మీద కాదు. పదకొండుకి పావుగంట ఉంది. లేచాడు. పుల్ల పెట్టి మూత ఎత్తాడు. స్పిరిట్ వాసన గుప్పుమని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రోలర్ తియ్యలేదు, తలుపు చట్రాలకి వాడే రెండంగుళాల బ్రష్ తీశాడు. మొదటి వరుస దగ్గర ఆగాడు, రెండో వరుస, మూడు, నాలుగు. అయిదో వరుస మీద బ్రష్ ఆనించి, జడ అన్న మాట దగ్గర మొదలుపెట్టి, ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకి, గీత గీసినట్టు లాగాడు. పై వరుసకి తగల్లేదు, కింద వరుసకి తగల్లేదు. జానెడు గోడ మీద తెల్లటి పట్టీ పడింది, దాని కింద తొమ్మిదో తారీఖు కనిపించడం లేదు. మిగతావన్నీ ఉన్నాయి. చచ్చిపోయినవాడి మాట నిలబడింది, పిల్ల దక్కింది, ఎవరికీ అన్యాయం జరగలేదు. ఎంత చక్కటి పని! ఇంత చక్కటి పని జీవితంలో చెయ్యలేదు అనుకున్నాడు, అనుకోగానే ఆ పట్టీ కేసి చూడలేక బ్రష్‌ని డబ్బాలో పడేశాడు. యదీరా కుర్చీలోంచి లేచి గుమ్మంలోకి వచ్చింది. పట్టీ చూసింది. అతని మొహం చూడలేదు.

సరిగ్గా పదకొండింటికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఏటా వచ్చే మనిషే, వారం ముందు చెప్పి మరీ వస్తాడు, దగ్గు బిళ్ళ చప్పరిస్తూ, అట్టకి కాగితాలు తగిలించుకుని. వెనక హాలిస్, మొహమంతా నవ్వు. ఈ గదికి మరమ్మతు నడుస్తోంది అన్నాడు హాలిస్, అన్నాక గోడ చూశాడు, నవ్వు అక్కడే ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు రెండడుగులు లోపలికి వేసి గోడ ముందు నిలబడ్డాడు. నీలం అక్షరాలు ఆరు వరుసలు, ఎవరైనా చూడొచ్చు, మార్చి, అంకెలు, డాక్టర్ అన్న మాట ఏ భాషలో అయినా డాక్టరే. ఇన్‌స్పెక్టరు దగ్గరగా వంగి వేలితో తడిమాడు.

"సిరా కదూ ఇది? మామూలు రంగు దీన్ని ఆపదు," అన్నాడు ఫెర్మీన్ కేసి తిరిగి, ఎంతో స్నేహంగా. "అదిగో, ఆ తెల్ల పట్టీకి వేశావు చూడు, గోడంతా అదే వెయ్యి. మా వంటగదిలో నేనూ అదే వేశాను."

కాగితం మీద ఒక టిక్కు పెట్టాడు. పెన్ను మూత పెట్టాడు. హాలిస్ ఊపిరి వదిలి, మా ఫెర్మీన్‌కి మీరు చెప్పాలా అంటూ మళ్ళీ నవ్వాడు. ఇంతేనా? గంటసేపు డబ్బా మూత తియ్యకుండా కూర్చున్నది దీనికా? వీడు చదవడు. ఎంత పెద్ద అక్షరాలతో రాసినా చదవడు, గోడని చూస్తాడు, రంగుని చూస్తాడు, ఏ డబ్బా కొనాలో చెప్పి పోతాడు. ఇరవై ఆరేళ్ళు తను చూసినట్టే. మసిలో వేళ్ళు కనిపిస్తే ఏ ప్రైమర్ వెయ్యాలి అని చూసిన కళ్ళే ఇవి కూడా. ఎదుటివాడి మొహంలో తన మొహం కనిపించి ఫెర్మీన్‌కి ఒళ్ళంతా కంపరం ఎత్తింది.

"అవి గీతలు కావు సార్," అన్నాడు ఇంగ్లీషులో. అతని ఇంగ్లీషు అంతంత మాత్రం, అయినా ఆగలేదు. "డాక్టరు కోసం అడిగిన తారీఖులు. ఇక్కడున్న మనిషి అడిగాడు. మూడో తారీఖున అడిగాడు. అయిదున అడిగాడు, నీళ్ళు తాగమన్నారు. ఆరున కాగితం ఇచ్చాడు. ఎనిమిదిన ఇంకో కాగితం."

ఫెర్మీన్, ఇక చాలు అన్నాడు హాలిస్. గొంతు పెంచలేదు. ఫెర్మీన్ వేలు తెల్లపట్టీ మీదికి వచ్చింది, తడి తగిలింది, దాన్ని దాటి కిందికి వెళ్ళింది.

"పదిన ఎవరూ రాలేదు. పదకొండున నిలబడలేకపోయాడు. మా అక్కకి చెప్పండి నేను అడిగానని రాశాడు. వాళ్ళక్క చర్చి హాల్లో ఉంది సార్. ఆవిడ అదే అడుగుతోంది."

ఇన్‌స్పెక్టరు దగ్గు బిళ్ళ చప్పరించడం మానేశాడు. హాలిస్‌ని చూశాడు, గోడని చూశాడు, అట్ట మీద తను పెట్టిన టిక్కు చూసుకున్నాడు. ఫెర్మీన్ వేలికి అంటిన తెలుపుని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"తొమ్మిది వదిలేశారు నీనో," అంది వెనకనుంచి యదీరా.

అతను తిరిగి చూసేలోపే ఆమె లోపలికి వచ్చి గోడ పక్కన నిలబడింది. ఆ తెల్లపట్టీ కింద ఏముందో ఇన్‌స్పెక్టరుకి ఇంగ్లీషులో చెప్పింది, చూసి చదువుతున్నట్టే, ఒక్క మాట తడబడకుండా. రేపు అని చెప్పిన ఆ జడ అమ్మాయి పేరు కూడా చెప్పింది, అతను పెన్ను మూత తీసేదాకా ఆగి, అక్షరం అక్షరం చెప్పి రాయించింది.